నిజాయితీ గల అరుగుదల

అమెరికా సంయుక్త రాష్ట్రాల చట్టం దృష్టిలో, తాత్కాలిక వీసా మీద ఉన్న మనిషి చేతిలో తుపాకీ ప్రమాదకరం. అదే మనిషి జింకల్ని వేటాడతానని ముందుగా లైసెన్సు తీసుకుంటే ఆ ప్రమాదం తక్షణం తొలగిపోతుంది. ఈ రెండు వాక్యాలనూ కలిపి చదివి కూడా నవ్వకుండా ఉండగలిగినవాళ్లే చట్టసభలకు ఎన్నికవుతారు. (జింకల అభిప్రాయం సేకరించినట్టు రికార్డుల్లో ఎక్కడా లేదు.)

టెక్సాస్‌లోని ప్లేనోలో ఉండే జగన్మోహన్ ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నవ్వాడు. అతనికి ఓటు లేదు కాబట్టి నవ్వొచ్చు.

జగన్మోహన్ గుడ్డు కూడా ముట్టని ఇంట్లో పుట్టాడు. పుట్టినరోజు పార్టీలో కేకు ముక్క చేతికిస్తే "ఎగ్‌లెస్సేనా?" అని అడిగి, అవునన్నాక కూడా ఆ ముక్కను కాసేపు అనుమానంగా చూసే రకం. బాత్రూంలో సాలీడు కనిపిస్తే గ్లాసు బోర్లించి, కింద కాగితం దూర్చి, భద్రంగా తీసుకెళ్లి పక్కింటివాళ్ల లాన్‌లో వదిలిపెడతాడు. ఓ పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు. అంటే, మిగతావాళ్లు కట్టినదాన్ని పడగొట్టి చూసి, పడిపోయిందని మర్యాదగా ఈమెయిల్ రాయడం అతని వృత్తి.

అతని బాధల్లా ఒకటే. ఈ దేశంలో అతనికి శాశ్వతమైనదంటూ ఏదీ లేదు. వీసా తాత్కాలికం. డ్రైవింగ్ లైసెన్సు మీద 'పరిమిత కాలం' అని అచ్చేసి ఉంటుంది, పాలప్యాకెట్ మీద తేదీ వేసినట్టు. గ్రీన్ కార్డు క్యూలో నిలబడి ఎంత కాలమైందో తల్చుకోవడం మానేశాడు. ఓసారి తెగించి లాయరుగారిని "నా వంతు ఎప్పుడొస్తుందండీ?" అని సూటిగా అడిగితే ఆయన కాలిక్యులేటర్ నొక్కి, "ఇప్పటి వేగంతో వెళితే నూట పాతికేళ్లు. ఇది ఉత్త లెక్క మాత్రమే, మనసులో పెట్టుకోకండి," అన్నాడు. జగన్మోహన్ మనసులో పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో రాజ్యాంగం సకల హక్కులతో గుర్తించిన వ్యక్తి ఒక్కతే ఉంది. అది ఇక్కడే పుట్టి, రెండో తరగతి చదువుతున్న కూతురు ఆద్య. ఇంటి మొత్తానికి ఆయుధం ధరించే హక్కున్న ఏకైక పౌరురాలు ప్రస్తుతం షూ లేసులు కట్టుకోవడం నేర్చుకుంటోంది.

ఇలాంటి మనిషికి పాత రివాల్వర్ల పిచ్చి పట్టడానికి కారణం పన్నునొప్పి.

డాక్టర్ వాల్డో ప్రిచెట్ ఊళ్లోకెల్లా పెద్ద వయసు పంటి డాక్టరు. ఎప్పుడో రిటైరవ్వాల్సిన మనిషి. ఆయన వెయిటింగ్ రూములో మిగతా డాక్టర్ల దగ్గరున్నట్టు చేపల తొట్టి ఉండదు, గాజు బీరువా నిండా పాత రివాల్వర్లుంటాయి. జగన్మోహన్‌కి రూట్ కెనాల్ చేస్తూ ఆయన ఒక్కో రివాల్వర్ చరిత్రా చెప్పుకుంటూ పోయాడు. రోగి నోరు తెరిచి ఉంది, మూయడానికి వీల్లేదు, ఒక పక్క మొద్దుబారిపోయింది. అయినా కళ్లతో శ్రద్ధగా విన్నాడు. ఆ రోజు పని పూర్తయ్యాక డాక్టరు మురిసిపోయి, "నా పిల్లలు కూడా ఇంత ఓపిగ్గా ఎప్పుడూ వినలేదు," అని, బీరువా తెరిచి ఒక దాన్ని తీసి, తూటాలు పెట్టే సిలిండర్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూపించి, అతని చేతిలో పెట్టాడు.

అది ఆయన తాతగారిది. పశ్చిమ టెక్సాస్‌లో ఒక చిన్న రైల్వే స్టేషన్లో గుమస్తాగా ఉన్నప్పుడు కంపెనీవాళ్లు ఇచ్చారట. జగన్మోహన్ దాన్ని తిప్పి చూశాడు. ఒకప్పుడు నల్లనీలంగా ఉండుండాలి. తోలు ఒరలో దూరీ దూరీ గొట్టం చివర వెండిరంగు తేలింది. మిగతా ఒళ్లంతా చేతి చెమట, గాలి, వాన కలిసి ఒక గోధుమ బూడిద రంగుకు తిప్పాయి. ఆ రంగును డాక్టరు 'పాటినా' అని, కళ్లు అరమూసి పలికాడు. కొయ్య పిడి మీద తాతగారి బొటనవేలు ఆనే చోట చెక్కినట్టు నున్నగా పల్లమైంది. పిడి అడుగున మాత్రం వరసగా సొట్టలు.

"ఇవేంటి?" అన్నాడు జగన్మోహన్, మొద్దుబారిన నోటితో.

"ఆయన జీవితంలో దీంతో ఎవర్నీ కాల్చలేదు. నోటీసులు అంటించడానికి దీంతో మేకులు కొట్టేవాడు," అన్నాడు డాక్టరు.

జగన్మోహన్ బొటనవేలితో ఆ సొట్టల్ని ఒకటొకటిగా తడిమాడు. తర్వాత డాక్టరు చెప్పినట్టు పైనున్న హ్యామర్ అనే మీటను వెనక్కి లాగాడు. లోపల ఏదో టక్కుమని పట్టుకుంది, సిలిండర్ ఒక గది జరిగి, కదలకుండా కుదురుకుంది. ప్రతి వారం కొత్త వెర్షన్ వచ్చి ప్రతి వారం పాడయ్యే వస్తువుల మధ్య బతికేవాడికి అది దైవదర్శనమే. వందేళ్లు దాటిన యంత్రం, చెప్పిన పని చెప్పినట్టు చేసింది. అప్‌డేట్ అడగలేదు. పాస్‌వర్డ్ అడగలేదు. తమ సేవ ఎలా ఉందో అయిదు నక్షత్రాల్లో చెప్పమనలేదు. జగన్మోహన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. (మత్తు దిగుతోందని డాక్టరు అనుకున్నాడు.)

మరుసటి శనివారానికల్లా అతను ఉత్తర టెక్సాస్ పాత రివాల్వర్ల రసజ్ఞుల సంఘం సమావేశంలో ఉన్నాడు.

ఈ సంఘం ఓ చర్చి వెనక హాల్లో కలుస్తుంది. తుపాకీ కాల్చే ఆసక్తి ఉన్నవారు పక్క వీధిలోని సంఘానికి వెళ్లగలరని తలుపు మీదే రాసుంటుంది. ఇక్కడివాళ్లు కాల్చరు. చూస్తారు. చూసి నిట్టూరుస్తారు. సంఘం నియమావళిలో అన్నిటికన్నా పవిత్రమైనది నాలుగో నియమం: 'కడగరాదు.' ఇనుము మీద అరుగుదల రెండు రకాలు. వాడటం వల్ల, ఒర వల్ల, అరచేతి వల్ల వచ్చింది నిజాయితీ గల అరుగుదల. గరుకు కాగితంతోనో, పాలిష్‌తోనో తెచ్చిపెట్టింది నిజాయితీ లేనిది. ఒకాయన తన తాతగారి రివాల్వర్‌ను మెరుపు కోసం టూత్‌పేస్టుతో తోమాడట. ఆయన ఫోటో హాల్లో ఇప్పటికీ ఉంది, మొహం గోడకేసి. పంటి డాక్టరు అధ్యక్షుడిగా ఉన్న సంఘంలో టూత్‌పేస్టుతో చేసిన నేరం కావడంతో అది రెండు విధాలుగా బాధించింది.

సంఘంలో సభ్యులు మూడు తరగతులు: అతిథి, తాత్కాలిక, శాశ్వత. తాత్కాలిక సభ్యుడు తన సొంత రివాల్వర్‌ను ఏటా జరిగే తనిఖీలో పెట్టి, దాని అరుగుదల నిజాయితీ గలదని నిరూపించుకుంటే శాశ్వత సభ్యుడవుతాడు. ముదురు ఆకుపచ్చ రంగు కార్డు ఇస్తారు. దాని మీద సభ్యుడి పేరు, కింద 'శాశ్వత సభ్యుడు' అని బంగారు అక్షరాలు.

ఆ కార్డును జగన్మోహన్ రెండుసార్లు చదివాడు. ఆకుపచ్చది. శాశ్వతమని రాసుంది. అమెరికాలో అలాంటిది తనకు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు ఎట్టకేలకు దొరికారు. ఇంటికొచ్చి భార్య ఉజ్వలతో ఆ సంగతి చెప్పాడు.

"మోహన్, నీకు రివాల్వర్ కావాలా, కార్డు కావాలా?" అంది ఉజ్వల. ఆమెకు భర్తను అర్థం చేసుకోవడానికి ఎప్పుడూ ఎక్కువ టైము పట్టదు.

"రెండూ. కానీ ఆ కార్డు ఉంటే... ఒక్కటైనా ఉంటుంది కదా, మనదని," అన్నాడు.

ఉజ్వల సరేనంది. తర్వాత షరతులు చెప్పింది. తూటా అనేది గడప తొక్కకూడదు. రివాల్వర్ ఎప్పుడూ తాళం పెట్టెలో ఉండాలి. గ్యారేజీలో బట్టలారేసుకోవడానికి పనికొస్తున్న ట్రెడ్‌మిల్లు బయటికి పోవాలి. జగన్మోహన్ ఒప్పుకున్నాడు.

డాక్టరుగారి పిల్లల్లో ఒకరు సియాటిల్‌లో, ఒకరు బోస్టన్‌లో ఉన్నారు. ఇద్దరికీ ఈ ఇనప సామాను అక్కర్లేదు. అందుకని ఆయన తాతగారి రివాల్వర్‌ను జగన్మోహన్‌కే ఇస్తానన్నాడు. "దీన్ని మార్చకుండా ఉంచేవాడు కావాలి. అంతే," అన్నాడు. జగన్మోహన్ తల ఊపాడు.

ఇక్కడ మళ్లీ చట్టం అడ్డొచ్చింది. 1898 ఆఖరులోపు తయారైనదైతే చట్టం దృష్టిలో అది తుపాకీయే కాదు, బిందె, చెంబు వగైరా పాత సామాను కోవలోకి వస్తుంది. ఆ మర్నాడు తయారైతే మారణాయుధం. తాతగారిది 1899లో తయారైంది. జగన్మోహన్ ఆశ్చర్యపోలేదు. కటాఫ్ తేదీని కొద్దిలో తప్పిపోవడం అతనికి పుట్టుకతో వచ్చిన కళ. కాబట్టి వేటగాడు కావడం తప్పలేదు.

వేట శిక్షణ ఆన్‌లైన్లో ఉంది. గాయపడిన జింకను నెత్తుటి చుక్కల వెంట ఎలా వెతకాలి, అడవి టర్కీని ఎలా మభ్యపెట్టాలి వంటి పాఠాలను జగన్మోహన్ పెరుగన్నం తింటూ పూర్తి చేశాడు. పరీక్షలో నూటికి నూరొచ్చాయి. ఎంసెట్ రాసినవాణ్ణి టెక్సాస్ జింక ఏం చేయగలదు? లైసెన్సు కౌంటర్లో ఉన్నాయన "దేన్ని వేటాడతారు?" అంటే, "దేన్నీ వేటాడకుండా ఉండే లైసెన్సు ఏదైనా ఉందా?" అని అడిగాడు.

"సర్, ఇది అనుమతి మాత్రమే. మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టరు," అని కౌంటరాయన ధైర్యం చెప్పాడు.

లైసెన్సుతో పాటు చంపిన జింకలకు తగిలించాల్సిన ట్యాగులు కూడా ఇచ్చారు. ఉజ్వల వాటిని ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టింది. అక్కడ వాటిని ఎవరు చూశారో గానీ, వార్త తెలుగువాళ్లందరికీ పాకింది. ఆ వారం, తలా ఓ వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందులో, ఎవరూ అతని ప్లేటు వెజ్ వైపు పెట్టలేదు. వరంగల్ నుంచి వచ్చిన రవికుమార్ పక్కకి పిలిచి, "అన్నా, గిన్నేండ్లు గుడ్డు గూడ తిననని మమ్మల్ని మస్తు నమ్మించినవ్ పో. జింక దొరికితే జర మాకు గూడ పంపు," అన్నాడు. జగన్మోహన్ ఎంత చెప్పినా నమ్మలేదు. రాష్ట్ర ప్రభుత్వం ముద్ర వేసి ఇచ్చిన కాగితం ముందు మనిషి మాట ఎక్కడ చెల్లుతుంది?

ఆ తర్వాత అంతా సాఫీగా నడిచింది. తుపాకుల దుకాణంలో కాగితాలు నింపి, పద్ధతి ప్రకారం, తాతగారి రివాల్వర్ జగన్మోహన్‌దయింది. రోజూ ఆఫీసు పని అయ్యాక పెట్టె తీసి, తాకకుండా, ఊపిరి కూడా పక్కకి వదులుతూ చూసుకునేవాడు. పాపం, ఎవరికీ హాని లేని సంతోషం అది. తనిఖీ దసరా తర్వాతి శనివారం. సంఘం కార్యదర్శి బెవర్లీ కార్డు మీద పేరు సరిగ్గా ఉండాలని స్పెల్లింగ్ కూడా అడిగి రాసుకుంది. అది పట్టేందుకు కార్డు కాస్త వెడల్పు చేయించాల్సొస్తుందంది.

అప్పుడు దిగారు కృష్ణకుమారిగారు.

కృష్ణకుమారిగారు ఉజ్వల తల్లి. విజిటర్ వీసా మీద వచ్చారు. ఇమ్మిగ్రేషన్ కౌంటర్లో ఆఫీసరు "ఎందుకొచ్చారు?" అని అడిగితే "మా అమ్మాయి ఇల్లు చూడ్డానికి" అన్నారు. చూశారు. చూసిన మరుక్షణం కొంగు బిగించారు. ప్లేనోలో ఆవిడ రాకముందు స్టవ్ రంగు నలుపని అందరూ అనుకునేవారు.

జగన్మోహన్ ముందుజాగ్రత్త గల మనిషి. ఆవిడ రివాల్వర్ పెట్టె దగ్గరికి వెళ్లే ప్రమాదాన్ని ముందే ఊహించి, ఒకరోజు ఎదురుగా కూర్చోబెట్టి చూపించాడు. "అత్తయ్యగారూ, ఇది మామూలు వస్తువు కాదండీ. వందేళ్లు పైబడింది. నాకిది ప్రాణం. దేవుడితో సమానం అనుకోండి," అన్నాడు.

ఆవిడ తల ఊపారు. కళ్లకద్దుకున్నారు కూడా. (ఆ ఒక్క వాక్యం అనకుండా ఉంటే ఈ కథ పాట్‌లక్‌తో ఆగిపోయేది.)

మహర్నవమి రోజు ఆయుధపూజ. ప్లేనోలో ఆయుధపూజంటే దేవుడి గది ముందు పీట వేసి, లాప్‌టాపులు, కారు తాళాలు, మిక్సీ, ఆద్య ఐప్యాడ్ వరసగా పెట్టి, బొట్లు పెట్టి, హారతివ్వడం. ఇన్నేళ్లుగా మిక్సీనే ఆయుధంగా భావించి సర్దుకుపోతున్న ఆ ఇంట్లో తొలిసారిగా నిజమైన ఆయుధం ఉంది. పీట మీద పెట్టకపోతే బావుండదని ఉజ్వలే అంది. జగన్మోహన్ ఉదయాన్నే పెట్టె తాళం తీసి, రివాల్వర్‌ను పీట మీద పట్టుగుడ్డ పరిచి ఉంచి, బొట్టు కూడా తగలకూడదని, పక్కన పువ్వు పెడితే చాలని చెప్పి, హైదరాబాద్ టీముతో మీటింగుకి పైగదిలోకి వెళ్లాడు. ఆ రోజు మీటింగులో కొత్త వెర్షన్ ఎందుకు పాడైందో చర్చించారు. చర్చ సాగింది.

కిందికొచ్చేసరికి పీట మీద సూర్యుడున్నాడు.

అది రివాల్వరేనని గుర్తు పట్టడానికి అతనికి కాసేపు పట్టింది. గొట్టం దగ్గర్నుంచి సిలిండర్ దాకా వెండి కంచంలా మెరుస్తోంది. ఆ గోధుమ రంగు లేదు. ఆ బూడిద రంగు లేదు. ఒర దగ్గర వెలిసిన చోటుకీ మిగతా ఒంటికీ తేడా లేదు. పక్కన స్టీలు గిన్నెలో నల్లటి చింతపండు పిప్పి, అందులో కొబ్బరి పీచు.

"ఎంత మురికి పట్టిందో బాబూ!" అన్నారు కృష్ణకుమారిగారు, నుదుటి చెమట తుడుచుకుంటూ. "వందేళ్ల మురికి. చింతపండు మార్చి మార్చి తోమాను. మీకు ప్రాణమన్నారు కదా, ఇంకెవరికో వదిలేస్తానా? కొయ్యకి కొబ్బరినూనె రాశాను. అడుగున ఆ సొట్టలు మాత్రం ఎంత తోమినా పోలేదు, ఏమీ అనుకోకండి."

ప్రపంచంలోని ఏ చట్టమూ అల్లుడికి అత్తగారి మీద కోప్పడే లైసెన్సు ఇవ్వదు. దానికి ఆన్‌లైన్ శిక్షణ లేదు. జగన్మోహన్ నోరు తెరిచాడు. రూట్ కెనాల్ నాటిలాగే అందులోంచి ఏమీ రాలేదు. చివరికి "చాలా... బాగుందండీ అత్తయ్యగారూ," అన్నాడు. హారతి కళ్లకద్దుకున్నాడు. గ్యారేజీలోకెళ్లి, కారెక్కి, తలుపేసుకుని, స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాడు. కార్డు గురించి కొంత ఏడ్చాడు. 'మార్చకుండా ఉంచేవాడు కావాలి' అన్న ముసలాయన మాట గుర్తొచ్చి ఎక్కువ ఏడ్చాడు.

తనిఖీ రోజున కృష్ణకుమారిగారు తానూ వస్తానన్నారు. తాను తోమిన వస్తువును నలుగురూ చూసి మెచ్చుకుంటుంటే కళ్లారా చూడాలని ఆవిడ కోరిక. డబ్బా నిండా రవ్వలడ్లు కూడా చేశారు. ఉజ్వల కారు నడుపుతూ భర్త మొహం వంక రెండుసార్లు చూసింది. అతను ఒళ్లో పెట్టెను పట్టుకుని, అప్పీళ్లన్నీ అయిపోయిన ముద్దాయిలా కూర్చున్నాడు.

హాల్లో పొడుగాటి బల్ల వెనక తనిఖీ చేసే ఉపసంఘం కూర్చుని ఉంది. మధ్యలో కార్యదర్శి బెవర్లీ. ఆమె గతంలో హైస్కూలు వైస్ ప్రిన్సిపాల్. ఇప్పటికీ ఎవరైనా హాల్లో నడిస్తే, క్లాసు వదిలొచ్చిన పిల్లల్ని అడిగినట్టు, పాస్ ఉందా అని అడగబోయి ఆగుతుంది. ఆమె పక్కన టోపీ పెట్టుకున్న సభ్యుడొకాయన. డాక్టర్ ప్రిచెట్ ఆ రివాల్వర్‌కి ఒకప్పటి యజమాని కాబట్టి, నిష్పక్షపాతం కోసం తన కుర్చీని బల్లకు రెండు అడుగుల దూరం జరుపుకున్నాడు. (నియమావళి ప్రకారం పక్షపాతం అంత దూరం ప్రయాణించదు.)

బెవర్లీ తెల్ల చేతి తొడుగులు వేసుకుని పెట్టె తెరిచింది.

ట్యూబులైటు వెలుగు రివాల్వర్ మీద పడి సంఘం మొహాల మీదికి తిరిగొట్టింది. టోపీ సభ్యుడు మెల్లగా టోపీ తీసి గుండెకానించుకున్నాడు. వెనక కుర్చీల్లోంచి ఎవరో గద్గద స్వరంతో, "అగ్నిప్రమాదమా?" అని అడిగారు.

జగన్మోహన్ లేచి నిలబడ్డాడు. "నేనే కడిగాను," అన్నాడు. "తప్పు నాది. నన్ను క్షమించండి, డాక్టర్."

డాక్టరు రివాల్వర్ వంకే చూస్తున్నాడు.

అప్పుడు వెనక నుంచి పట్టుచీర గరగరలాడింది. కృష్ణకుమారిగారికి ఇంగ్లీషు మాట్లాడటం కన్నా అర్థం కావడం ఎక్కువ. అల్లుడు చేయని పనిని తన మీద వేసుకోవడం ఆవిడకు అర్థమైంది. అంతకన్నా ఘోరం, తన పని ఖ్యాతి ఇంకొకరికి పోవడం.

"నో సర్," అన్నారు, లేచి. "నో ఫైర్. నాట్ హిమ్. ఐ ఓన్లీ. టామరిండ్."

"స్పెల్లింగ్?" అంది బెవర్లీ, కలం అందుకుని.

చింతపండు సమావేశపు మినిట్స్‌లోకి ఎక్కింది. తర్వాత ఆవిడ తెలుగులో చెప్పుకుపోతుంటే జగన్మోహన్, గత్యంతరం లేక, తన ఉరితాడు తానే పేనుకుంటూ అనువాదం చేశాడు.

"ఏడాదికోసారి మా పనిముట్లన్నీ శుభ్రంగా తోమి, బొట్టు పెట్టి, దణ్ణం పెడతాం. ఏడాదంతా మనకి పని చేసింది కదా, దానికి థాంక్స్ చెప్పడం. ఇది దేవుడితో సమానం అని మా అల్లుడుగారే చెప్పారు. దేవుణ్ణి మురికిగా ఎలా ఉంచుతామండీ?"

పాత రివాల్వర్లను గౌరవించడంలో తమను మించినవాళ్లు లేరని నమ్మే సంఘం అది. గాజు బీరువాలు కొన్నారు, భూతద్దాలు కొన్నారు, నియమావళి రాసుకున్నారు. వాటిలో ఒక్కదానికి కూడా ఎవరూ ఎన్నడూ థాంక్స్ చెప్పలేదు. టోపీ సభ్యుడు ఇబ్బందిగా కదిలాడు.

డాక్టర్ ప్రిచెట్ లేచి వచ్చాడు, రెండు అడుగుల నిష్పక్షపాతాన్నీ దాటేసి. రివాల్వర్ చేతిలోకి తీసుకుని, తలకిందులు చేసి, పిడి అడుగున బొటనవేలు పెట్టాడు.

"ఇవి పోలేదే," అన్నాడు.

"ఎంత తోమినా పోలేదు సర్. సారీ," అన్నారు కృష్ణకుమారిగారు, నిజమైన పశ్చాత్తాపంతో.

ముసలాయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని జగన్మోహన్ కంగారు పడ్డాడు. నవ్వుతున్నాడు. నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఈ సొట్టలకే మా తాతకి జరిమానా పడింది, తెలుసా? తనిఖీకొచ్చినాయన కంపెనీ సొత్తు పాడు చేశావని రాశాడు. మా ఇంట్లో ఈ వస్తువు తనిఖీలో ఎప్పుడూ గట్టెక్కలేదు," అన్నాడు. హ్యామర్ వెనక్కి లాగాడు. టక్కుమని పట్టుకుంది. సిలిండర్ ఒక గది జరిగి కుదురుకుంది. "పని చేస్తోంది. ఆయన చెయ్యి ఇంకా ఇందులోనే ఉంది. నీ దగ్గరే ఉంచుకో," అని జగన్మోహన్ చేతిలో పెట్టి, ఆ చేతిని కాసేపు పట్టుకున్నాడు.

జగన్మోహన్‌కి ప్రాణం లేచొచ్చింది. అంతటి సంతోషం అతను వీసా స్టాంపింగ్ నాడు కూడా ఎరగడు. హాలంతా రవ్వలడ్లు పంచారు. ఒకాయన కృష్ణకుమారిగారిని మూలకి తీసుకెళ్లి, తన బార్బెక్యూ పొయ్యి తుప్పుకు చింతపండు ఎంత వేయాలో రహస్యంగా రాయించుకున్నాడు. అందరూ శాంతించి, కార్డు ఇచ్చేస్తారేమో అన్న ఆశ జగన్మోహన్ గుండెలో మొలకెత్తే సమయానికి బెవర్లీ బల్ల మీద తట్టింది.

"మనందరికీ మనసులున్నాయి," అంది. "నియమావళికి లేదు."

ఆమె పుస్తకం తెరిచి చదివింది. నాలుగో నియమం రెండో ఉపనియమం ప్రకారం, పూర్తిగా కడిగిన రివాల్వర్‌ను కొత్త రివాల్వర్‌గా పరిగణించవలెను. దాని వయసును కడిగిన రోజు నుంచి లెక్కించవలెను. అంటే మొన్న నవమి నుంచి. కొత్త రివాల్వర్ల మీద శాశ్వత సభ్యత్వం ఇచ్చే అధికారం సంఘానికి లేదు. అయితే దరఖాస్తును తిరస్కరించడం లేదు. ఎందుకు తిరస్కరిస్తాం, మంచి దరఖాస్తు. నిరీక్షణ జాబితాలో పెడుతున్నాం. నవమి నాటి తేదీయే క్యూలో ప్రాధాన్య తేదీ. రివాల్వర్ సహజంగా, నిజాయితీగా అరిగి, మునుపటి రంగుకు తిరిగాక మళ్లీ తనిఖీకి తేవచ్చు. అంతదాకా ఏటా వేట లైసెన్సు రెన్యూ చేసుకుంటూ, తాత్కాలిక సభ్యుడిగా కొనసాగగలరు.

"ఎంత కాలం పట్టొచ్చు?" అన్నాడు జగన్మోహన్. ఈ ప్రశ్న అడగడం అతనికి బాగా అలవాటు.

టోపీ సభ్యుడు రివాల్వర్‌ను వెలుగులో తిప్పి చూసి, టెక్సాస్ గాలిలో తేమను లెక్కలోకి తీసుకుని, "రోజూ చేత్తో పట్టుకుంటే తొంభై ఏళ్లు," అన్నాడు.

"డబ్బు కడితే త్వరగా అయ్యే ప్రీమియం పద్ధతి ఏమైనా ఉందా?"

"అరచేతికి బాగా చెమట పట్టాలి," అన్నాడాయన సానుభూతిగా.

బయట పార్కింగ్‌లో అందరూ కారెక్కారు. కృష్ణకుమారిగారు ఖాళీ డబ్బా ఒళ్లో పెట్టుకుని, చివరికి ఉండబట్టలేక, "ఏమన్నారు బాబూ? కార్డు ఇస్తారటా?" అన్నారు.

"ఇస్తారండీ. తొంభై ఏళ్లు పడుతుందంట."

ఉజ్వల కారు స్టార్ట్ చేయబోయి ఆగింది. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. భర్త వైపు తిరిగింది. ఆమె మొహంలో నిజంగానే వెలుగొచ్చింది.

"లాయరుగారు చెప్పింది నూట పాతిక కదా మోహన్? అయితే ఇదే ముందొస్తుంది."

ఆ సాయంత్రం ఇంట్లో పాయసం చేసుకున్నారు.